నోబుల్ జాన్సన్: అన్ని జాతుల వేషాలూ వేసిన నల్లజాతి నటుడు

1933లో వచ్చిన 'కింగ్ కాంగ్' చూసినవాళ్లకు స్కల్ ఐలాండ్ గూడెం నాయకుడు గుర్తుండే ఉంటాడు. మంచి పొడగరి. పూజ మధ్యలో పరాయివాళ్లు కనిపించగానే అన్నీ ఆపించి, నింపాదిగా మెట్లు దిగి వస్తాడు. బంగారు రంగు జుట్టున్న హీరోయిన్‌ని చూసి, ఆమెకు బదులుగా తన ఆడవాళ్లలో ఆరుగురిని ఇస్తానని బేరం పెడతాడు. దానికి కొన్ని నెలల ముందు అదే స్టూడియో, అవే అడవి సెట్లలో తీసిన 'ది మోస్ట్ డేంజరస్ గేమ్' అనే సినిమాలో ఐవాన్ అని ఒక మూగ నౌకరు ఉంటాడు. గుబురు గడ్డం, తెల్లటి ఒళ్లు, రష్యాలో గుర్రపు యోధులుగా పేరున్న కొసాక్ తెగవాడు.

ఆ ఇద్దరూ ఒక్కడే. పేరు నోబుల్ జాన్సన్. 1924 నాటి 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో భారతదేశపు యువరాజు ఆయనే. 1930 నాటి 'మోబీ డిక్'లో దక్షిణ సముద్రాల నుంచి వచ్చిన ఈటెగాడు క్వీక్వెగ్ కూడా ఆయనే. 1932 నాటి 'ది మమ్మీ'లో నూబియన్ నౌకరు, 1949లో జాన్ ఫోర్డ్ తీసిన 'షి వోర్ ఎ యెల్లో రిబ్బన్'లో రెడ్ షర్ట్ అనే ఆదివాసీ నాయకుడు, అన్నీ ఆయన వేషాలే. ఇంతకీ నిజజీవితంలో ఆయన 1881లో మిస్సోరి రాష్ట్రంలో మార్షల్ అనే చిన్న ఊళ్లో పుట్టిన నల్లజాతి అమెరికన్.

ఈ జాబితా చూపించి "ఎంత గొప్ప వైవిధ్యం" అనేసి చాలామంది అక్కడితో ఆగిపోతారు. వైవిధ్యం నిజమే, నాకు ఆయన నటనంటే చాలా గౌరవం. కానీ ఆ మాటతో అసలు విషయం మరుగున పడిపోతుంది. ఇన్ని జాతుల వేషాలకు ఆయన్ని పిలిచిన హాలీవుడ్డే, ఆయన తన సొంత జాతి మనిషిగా, హీరోగా తెర మీద కనిపించిన ఆ ఒక్క సందర్భంలో మాత్రం అడ్డుపడింది. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తే ఆయన కెరీర్ అర్థం కాదు. అన్ని వేషాలు ఎందుకు వచ్చాయో తెలిస్తేనే, ఆ ఒక్క వేషం ఎందుకు నిలవలేదో తెలుస్తుంది.

జాన్సన్ పెరిగింది కొలరాడో స్ప్రింగ్స్‌లో. తండ్రి పందెం గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాడు. బళ్లో తోటి పిల్లవాడు లాన్ చేనీ. మూకీల కాలంలో 'వెయ్యి ముఖాల మనిషి' అని పేరు తెచ్చుకున్న చేనీ ఇతనే. వేషం మార్చడంలో అమెరికా తెర గుర్తుపెట్టుకోవలసిన ఇద్దరు నటులు ఒకే ఊళ్లో, ఒకే బళ్లో చదువుకున్నారన్నమాట. ఒకరు తెల్లవారు, స్టార్ అయ్యారు. రెండోవారికి ఆ దారి మొదటి నుంచీ మూసే ఉంది.

పదిహేనేళ్లకే బడి మానేసి తండ్రితో గుర్రాల వెంట తిరిగాడు జాన్సన్. తర్వాత పశువుల రాంచ్‌లలో పనిచేశాడు. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, దానికి తగ్గ ఒళ్లు, గుర్రం మీద నిలకడ. 1914-15 ప్రాంతంలో లూబిన్ అనే సినిమా కంపెనీ కొలరాడో స్ప్రింగ్స్‌కి షూటింగ్ కోసం వచ్చింది. ఒక నటుడికి దెబ్బ తగలడంతో, గుర్రపు స్వారీ తెలిసిన మనిషి కావాలని జాన్సన్‌ని పెట్టుకున్నారు. ఆ వేషం ఒక నేటివ్ అమెరికన్‌ది. అంటే ఆయన కెమెరా ముందు నిలబడిన మొదటి రోజే ఇంకో జాతి మనిషిగా నిలబడ్డాడు. అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లి యూనివర్సల్ స్టూడియోలో చేరి, వారం వారం వచ్చే సీరియల్ సినిమాల్లో పేరు తెచ్చుకున్నాడు.

ఒకే మనిషి ఇన్ని జాతులవాడిగా ఎలా చెల్లుబాటయ్యాడన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఫిల్మ్ రీలులోనే ఉంది. 1920ల మధ్య వరకు స్టూడియోలు ఎక్కువగా వాడింది ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్. దానికి ఎరుపు రంగు కనిపించదు. ఎర్రటి పెదవులు నల్లగా పడతాయి, నీలి కళ్లు తెల్లబోతాయి, కాస్త ఎర్రబారిన చర్మం కూడా మురికిగా కనిపిస్తుంది. అందుకే తెల్లవాళ్లు కూడా ముఖానికి మందంగా రంగు పూసుకోకుండా కెమెరా ముందుకు వచ్చేవారు కాదు. 1914లో మాక్స్ ఫ్యాక్టర్ సినిమా కోసమే పల్చటి గ్రీజు పెయింట్ తయారుచేసింది ఈ ఇబ్బంది వల్లే. ఇలాంటి ఫిల్మ్ మీద ఎవరి అసలు చర్మం రంగూ తెరకు చేరదు. చేరేది బూడిద రంగులో ఒక ఛాయ మాత్రమే. జాన్సన్‌ది లేత గోధుమ ఛాయ, పదునైన ముక్కు, ఎత్తైన చెంపలు. మేకప్ ఒక మెట్టు తగ్గిస్తే ఒక దేశం, ఒక మెట్టు పెంచితే ఇంకో దేశం. మిగిలిన పని తలపాగానో, గడ్డమో, మధ్యలో వచ్చే టైటిల్ కార్డో చేసేస్తుంది.

రెండో భాగం కెమెరాకు సంబంధించింది కాదు, అప్పటి కాస్టింగ్ అలవాట్లకు సంబంధించింది. 1915 నాటి 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్'లో ముఖ్యమైన నల్లజాతి పాత్రలను ముఖానికి మసి పూసుకున్న తెల్లవాళ్లే వేశారు. ఆ సినిమా మీద నల్లజాతి సంఘాలు దేశమంతటా నిరసనలు చేశాయి. తర్వాత కూడా తూర్పుదేశపు ప్రధాన పాత్ర ఏదైనా వస్తే అది తెల్ల నటుడికే పోయేది. స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్ చైనా డిటెక్టివ్ చార్లీ చాన్ అయ్యాడు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన బోరిస్ కార్లోఫ్ ఈజిప్టు మమ్మీ అయ్యాడు. ఆ కథానాయకుడి పక్కన నిలబడే నౌకరు, కాపలాదారు, గూడెం పెద్ద, పోటీ రాజు, ఇవీ మిగిలినవి. ఆ పాత్రలు ఏ దేశానివన్నది స్టూడియోకు పెద్ద పట్టింపు లేదు. తెల్లవాడు కానివాడు, భారీ మనిషి, భయం పుట్టించగలవాడు అయితే చాలు. జాన్సన్‌కి దొరికిన వైవిధ్యమంతా ఈ పట్టింపు లేకపోవడంలోంచి వచ్చిందే.

ఇక ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే రెండేళ్ల దగ్గరికి వస్తాను.

1916లో, యూనివర్సల్‌లో ఉద్యోగం చేస్తూనే, జాన్సన్ లాస్ ఏంజెలెస్‌లో లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ పెట్టాడు. ప్రెసిడెంట్ ఆయనే. తోడుగా క్లారెన్స్ బ్రూక్స్ అనే నటుడు, మందుల వ్యాపారం చేసే జేమ్స్ స్మిత్ వంటివాళ్లు. కెమెరా మాత్రం హ్యారీ గ్యాంట్ అనే తెల్ల మిత్రుడిది. నల్లజాతివాళ్లు స్థాపించి, నల్లజాతివాళ్ల గురించి, వాళ్ల కోసమే సినిమాలు తీసిన తొలి కంపెనీల్లో ఇది ఒకటి. వెక్కిరింపు కామెడీలు కాకుండా కుటుంబం, చదువు, ఉద్యోగం, గౌరవం ఉన్న కథలు తీయాలన్నది వాళ్ల పట్టుదల.

తొలి సినిమా 'ది రియలైజేషన్ ఆఫ్ ఎ నీగ్రోస్ యాంబిషన్', రెండు రీళ్లది. జాన్సన్ వేసింది జేమ్స్ బర్టన్ పాత్ర. టస్కీగీ అనే నల్లజాతి విద్యాసంస్థలో సివిల్ ఇంజనీరింగ్ చదివిన రైతుబిడ్డ పశ్చిమానికి వెళ్లి ఆయిల్ కంపెనీలో ఉద్యోగం అడుగుతాడు. రంగు చూసి పొమ్మంటారు. దారిలో అదుపు తప్పిన గుర్రబ్బండిలోంచి ఒక అమ్మాయిని కాపాడితే, ఆమె ఆ కంపెనీ యజమాని కూతురని తేలుతుంది. అలా ఉద్యోగం వస్తుంది. అక్కడ పనిచేస్తూ, నూనె దొరికే నేల లక్షణాలు తన ఊళ్లో తండ్రి పొలంలో కూడా ఉన్నాయని గ్రహిస్తాడు. తిరిగి వెళ్లి, నూనె కనిపెట్టి, మనసిచ్చిన అమ్మాయిని పెళ్లి చేసుకుని స్థిరపడతాడు. ఇందులో హీరోకి ఉద్యోగం చదువు వల్ల రాలేదు, ప్రాణం కాపాడటం వల్ల వచ్చింది. ఆ సంగతిని కథ దాచలేదు. రంగు చూసి వెనక్కి పంపిన సీన్‌ని ఆనాటి ప్రేక్షకులు తమ అనుభవంగానే చూసి ఉంటారు.

రెండోది 'ది ట్రూపర్ ఆఫ్ ట్రూప్ కె'. 1916 జూన్‌లో మెక్సికోలోని కర్రిసాల్ దగ్గర నల్లజాతి సైనికుల పదో అశ్వికదళం చేసిన పోరాటం దానికి ఆధారం. సంఘటన జరిగిన కొద్ది నెలలకే తెరకెక్కింది. ఒక పనికిమాలిన కుర్రాడు సైనికుడిగా నిలదొక్కుకోవడం కథ, ఆ కుర్రాడు మళ్లీ జాన్సనే. మూడోది 1917లో వచ్చిన 'ది లా ఆఫ్ నేచర్'.

సినిమా తీయడం ఒక ఎత్తు, ఆడించడం ఇంకో ఎత్తు. ఆ భారం నోబుల్ తమ్ముడు జార్జ్ పెర్రీ జాన్సన్ నెత్తికెత్తుకున్నాడు. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో పోస్టాఫీసు ఉద్యోగి. ఉద్యోగం మానకుండానే బుకింగ్ ఆఫీసు నడిపాడు. నల్లజాతి పత్రికల్లో సినిమా, నాటకాల గురించి రాసేవాళ్లను ఊరూరా ఏజెంట్లుగా పెట్టుకున్నాడు. అప్పట్లో సినిమా హాళ్లు కూడా జాతుల వారీగా వేరు. నల్లజాతి ప్రేక్షకుల హాళ్లు, చర్చిలు, బడులు, తెల్లవాళ్ల హాళ్లలో వేళగాని వేళ వేసే ప్రత్యేక ఆటలు, ఇంతే మార్కెట్. చేతిలో ఉన్న ప్రింట్లు కొన్నే. ఒక ఊళ్లో ఆట అయ్యాక ప్రింటు రైలెక్కి ఇంకో ఊరు చేరితేనే అక్కడ డబ్బు. దేశంలో ఉన్న నల్లజాతి హాళ్లన్నీ తిరిగినా వచ్చే ఆదాయానికి పైకప్పు ఉంది. ఖర్చుకు మాత్రం లేదు. ఎంత బాగా ఆడినా తర్వాతి సినిమాకు పెట్టుబడి వెతుక్కోవలసిందే. అందుకే నోబుల్‌కి యూనివర్సల్ జీతం అవసరమైంది. లింకన్ కంపెనీకి అదొక ఊతం.

చిక్కు సరిగ్గా అక్కడే వచ్చింది. యూనివర్సల్ సీరియల్స్ వల్ల నోబుల్ జాన్సన్ ముఖం నల్లజాతి పేటల్లో అందరికీ తెలుసు. లింకన్ పోస్టర్ మీద ఆయన బొమ్మ కనిపిస్తే జనం అటే వెళ్లేవారు. పక్క హాల్లో ఆయనే చిన్న వేషంలో ఉన్న యూనివర్సల్ సినిమా ఆడుతుంటే, దానికి వసూళ్లు పడిపోయేవి. ఫిర్యాదులు స్టూడియో దాకా వెళ్లాయి. ఇక లింకన్ సినిమాల్లో నటించకూడదని, ఆ కంపెనీ తన పేరు, బొమ్మ వాడకుండా చూడాలని యూనివర్సల్ ఆయన్ని కట్టడి చేసింది. తమ్ముడు జార్జ్ తర్వాతి కాలంలో చెప్పిన వివరం ఇది. 1918లో నోబుల్ తన సొంత కంపెనీకి రాజీనామా చేశాడు.

దీన్ని ద్రోహంగా చూసినవాళ్లు ఉన్నారు. నాకు అలా అనిపించదు. లింకన్ ఇచ్చే ఆదాయంతో ఆయన బతకలేడు. యూనివర్సల్ వదిలేస్తే లింకన్‌కి పెట్టే డబ్బూ ఉండదు, లింకన్‌కి జనాన్ని తెచ్చే పేరూ నిలవదు. రెండు దారులూ ఒకే చోట మూసుకుపోయాయి. ఇక్కడ గమనించవలసింది స్టూడియో అభ్యంతరం దేని మీదన్నది. ఆయన నటన మీద కాదు. నల్లజాతివాడు సినిమాలో ఉండటం మీద కూడా కాదు, వాళ్లే జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆ నటుడు తన ప్రేక్షకులను తన పేరుతో తన సొంత సినిమాకు పిలుచుకోవడం మీద. చిన్న వేషాల మనిషికి సొంత మార్కెట్ ఏర్పడితే అతను ఇక చిన్న వేషాల మనిషి కాడు.

ఆయన లేకుండా లింకన్ కంపెనీ మరి కొన్నాళ్లు నడిచింది. 1918లోనే ఆస్కార్ మిషో అనే రచయిత నవల 'ది హోమ్‌స్టెడర్'ని సినిమాగా తీయాలని ఉత్తరాలు నడిచాయి. దర్శకత్వం తానే చేస్తానని మిషో పట్టుబట్టడంతో బేరం తెగింది. ఆయన సొంత కంపెనీ పెట్టి 1919లో ఆ సినిమా తీసి, తర్వాత మూడు దశాబ్దాల పాటు నల్లజాతి సినిమాకు పెద్ద దిక్కయ్యాడు. లింకన్ చివరి కథాచిత్రం 1921 నాటి 'బై రైట్ ఆఫ్ బర్త్'. ఆ కంపెనీ తీసిన కథాచిత్రాల్లో ఇప్పుడు చూడటానికి మిగిలింది ఆ సినిమాలోని కొన్ని నిమిషాల ముక్కలే. అంటే నోబుల్ జాన్సన్ హీరోగా వేసిన ఇంజనీరునీ సైనికుడినీ మనం ఇక చూడలేం. ఫొటోలు, పత్రికా ప్రకటనలు, ఉత్తరాలు మాత్రం ఉన్నాయి. అవి ఉన్నది కూడా జార్జ్ వల్ల. దశాబ్దాల తరబడి కత్తిరించి, అతికించి, దాచిన ఆ కాగితాలన్నీ ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ పోస్టల్ ఉద్యోగి శ్రద్ధ లేకపోతే ఈ వ్యాసంలో సగం రాయడం కుదిరేది కాదు.

రాజీనామా తర్వాత జాన్సన్ పూర్తిగా క్యారెక్టర్ ఆర్టిస్ట్ అయిపోయాడు. స్టార్‌కి ఏళ్ల తరబడి కాంట్రాక్టు ఉంటుంది, కథ ఆయన చుట్టూ అల్లుతారు. క్యారెక్టర్ ఆర్టిస్టులు ఎక్కువమందికి పిలుపు వచ్చినప్పుడే పని, పని ఉన్న రోజుకో వారానికో డబ్బు. ఈ వారం ఒక స్టూడియో, వచ్చే వారం ఇంకోటి. చాలాసార్లు తెర మీద పేరు కూడా ఉండదు. ఆయన ఎన్ని సినిమాలు చేశాడన్నది ఒక్కో జాబితాలో ఒక్కోలా ఉండటానికి కారణం ఇదే. మూకీల్లో ఎక్కువ భాగం నాశనమయ్యాయి, మిగిలినవాటిలో చాలాచోట్ల ఆయన్ని ముఖం చూసి పోల్చుకోవలసిందే. 1921లో 'ది ఫోర్ హార్స్‌మెన్ ఆఫ్ ది అపోకలిప్స్'లో నలుగురు ఆశ్వికుల్లో ఒకడు, 1922లో రాబిన్సన్ క్రూసో సీరియల్‌లో ఫ్రైడే, 1924లో బస్టర్ కీటన్ 'ది నేవిగేటర్'లో నరమాంస భక్షకుల నాయకుడు. ఆ చివరిది ఇప్పుడు చూస్తుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఒక జాతి మొత్తాన్ని నవ్వులపాలు చేసే వేషం అది. తన కంపెనీ దేనికి వ్యతిరేకంగా పుట్టిందో, అదే పని ఆయన చేయవలసి వచ్చింది.

అదే ఏడాది వచ్చిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' సంగతి వేరు. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ సినిమా. యువరాణి కోసం మూడు దేశాల రాజులు వస్తారు. మంగోల్ రాజుగా జపాన్ నటుడు సోజిన్, పర్షియా రాజుగా మగవేషంలో మథిల్డ్ కోమాంట్ అనే నటి, భారత యువరాజుగా జాన్సన్. అరుదైన కానుక కోసం ఈ యువరాజు కాందహార్ దగ్గర ఒక మహావిగ్రహం కంట్లో ఉన్న మాయాస్ఫటికాన్ని తెమ్మని నౌకరును పైకి ఎక్కిస్తాడు. నౌకరు పట్టు తప్పి పడి చచ్చిపోతాడు. జాన్సన్ ముఖంలో చలనం ఉండదు. స్ఫటికం దక్కింది, అంతే. విలన్‌లా కళ్లు ఉరమడం లేదు, మీసం మెలెయ్యడం లేదు. పుట్టుకతో అధికారం అలవాటైన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. మన దేశంలో ఆ సినిమాకు విపరీతమైన ఆదరణ వచ్చింది. 1927-28లో మద్రాసుకు చెందిన టి. రంగాచారి అధ్యక్షతన సినిమాల మీద విచారణ జరిపిన కమిటీ ముందు కూడా ఆ పేరు పదే పదే వినిపించింది. మన తాతముత్తాతల్లో కొందరు తెర మీద చూసిన ఆ భారత యువరాజు ఒక నల్లజాతి అమెరికన్ అని వాళ్లలో ఎవరికైనా తెలిసే అవకాశమే లేదు.

1927 తర్వాత టాకీలు వచ్చాయి. చాలామంది మూకీ నటులు గొంతు బాగోలేక, యాస కుదరక వెనకబడ్డారు. జాన్సన్ మాత్రం నిలబడ్డాడు. అయితే ఎలా నిలబడ్డాడో చూడండి. 'మోస్ట్ డేంజరస్ గేమ్'లో మూగవాడు. 'కింగ్ కాంగ్'లో ప్రేక్షకులకు అర్థం కాని భాష. 'మమ్మీ'లో ఇతరుల మనోశక్తికి లొంగిన నౌకరు. 1940లో బాబ్ హోప్ 'ది ఘోస్ట్ బ్రేకర్స్'లో జాంబీ. సినిమా మాట్లాడటం మొదలుపెట్టింది కానీ, ఆయన పాత్రలకు మాటలు పెద్దగా రాలేదు. దానికి కారణం గొంతు కాదనే నా నమ్మకం. అమెరికన్ యాసలో మాట్లాడితే అతనెవరో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. మాట్లాడనంతవరకే అతను ఏ దేశస్థుడైనా కాగలడు.

ఐవాన్ వేషంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. ఓడ మునిగి ద్వీపానికి కొట్టుకొచ్చిన హీరో కోట తలుపు తడితే, చీకట్లోంచి ఐవాన్ ఊడిపడతాడు. హీరో హడలిపోతాడు. యజమాని కౌంట్ జరోఫ్ దిగి వచ్చి, అతిథి బెరుకు పోగొట్టడానికి ఐవాన్‌ని నవ్వమంటాడు. ఐవాన్ నవ్వుతాడు. పెదవులు విడివడతాయి, పళ్లు కనిపిస్తాయి, కళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఆజ్ఞకు లోబడి నవ్వే మనిషి నవ్వు అది. రెండు మూడు సెకన్లలో యజమాని ఎలాంటివాడో, నౌకరు ఎలా బతుకుతున్నాడో రెండూ తెలుస్తాయి. డైలాగ్ లేదు, గడ్డంలో సగం ముఖం లేదు, పైన తెల్లరంగు. అంత తక్కువ సరంజామాతో అంత చెప్పడం మామూలు నటుడి వల్ల కాదు. నల్లజాతి నటుడికి తెల్లవాడి వేషం ఇవ్వడం ఆ రోజుల్లో చాలా అరుదు కాబట్టి ఈ పాత్రను చరిత్రకారులు తరచూ ప్రస్తావిస్తారు. అయితే దాన్ని హాలీవుడ్ పెద్దమనసుగా లెక్కేయలేం. ఐవాన్ కూడా మూగ నౌకరే. జాతి మారింది కానీ స్థాయి మారలేదు.

ఇదే కాలంలో నల్లజాతి నటులుగానే హాలీవుడ్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లకు ఏం దొరికిందో పక్కన పెట్టి చూస్తే జాన్సన్ లెక్క ఇంకా తేటపడుతుంది. హ్యాటీ మెక్‌డేనియల్‌కి 'గాన్ విత్ ది విండ్'లో పనిమనిషి పాత్రకు 1940లో సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. అవార్డు పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ రాత్రి కూడా ఆమెను సినిమా బృందంతో కాకుండా వేరే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఆమెకు గుర్తింపు వచ్చింది, వేషాలు మాత్రం ఎక్కువగా పనిమనిషివే. జాన్సన్‌కి వేషాలు బోలెడు వచ్చాయి, గుర్తింపు రాలేదు. ఎవరు నయమంటే నా దగ్గర జవాబు లేదు. ఆ ఇద్దరిలో ఎవరికీ రెండూ ఒకేసారి దొరకలేదన్నదే నాకు బాధ కలిగించే విషయం.

1950లో ఆయన నటన మానేశాడు. 1978 జనవరిలో కాలిఫోర్నియాలోని యుకైపాలో, 96 ఏళ్ల వయసులో పోయాడు.

చూడాలనుకునేవాళ్లు 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'తో మొదలుపెట్టండి, ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతుంది. తర్వాత 'మోస్ట్ డేంజరస్ గేమ్', 'కింగ్ కాంగ్' వెంటవెంటనే చూడండి. మొదటిది గంటకు కాస్త ఎక్కువ, అంతే. రెండింటిలోనూ హీరోయిన్ ఫే రేనే, సెట్లూ కొన్ని అవే కాబట్టి పోల్చడం తేలిక. ఐవాన్ నడకను, గూడెం నాయకుడు మెట్లు దిగే తీరును గమనించండి. భుజాలు పట్టుకున్న పద్ధతి దగ్గర్నుంచి అడుగు వేసే వేగం దాకా ఇద్దరికీ ఎక్కడా పోలిక ఉండదు. ఆ తేడా మేకప్ వల్ల వచ్చింది కాదు.